జిడ్డు ఆట అన్నారని కెప్టెన్సీ వదలకు

ఉప్పలగుప్తం,
ఫిబ్రవరి 2026

చిరంజీవి అమ్ములుకి,

ఈ వారం పట్టుబడి ఉందని మీ నాన్న రాత్రిళ్లు రొయ్యల చెరువు గట్టు మీదే పడుకుంటున్నాడు. మీ అమ్మకి నడుం నొప్పి తగ్గింది, నీకు చెప్పమంది.

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ మళ్లీ మళ్లీ విన్నాను. జిల్లా అండర్-19 ఆడపిల్లల జట్టుకి నిన్ను కెప్టెన్ని చేశారన్న సంగతి ఒక్క ముక్కలో చెప్పేసి, మిగతాదంతా ఏడ్చావు. ప్రాక్టీసు మ్యాచ్‌లో చివరిదాకా నిలబడి నాటౌట్‌గా బయటికొస్తే, పక్క నెట్స్‌లో మగపిల్లలు "మిథాలీ రాజ్‌లాగా జిడ్డు ఆట" అని నవ్వారన్నావు. పోయినేడు కెప్టెన్‌గా చేసిన అక్క నీతో మాట్లాడటం మానేసిందన్నావు. కెప్టెన్సీ నాకొద్దని చెప్పేయనా అత్తా అని అడిగావు. ఫోన్లో జవాబు చెబితే సగంలోనే అడ్డొస్తావు. అందుకే కాగితం పట్టాను. ఓపిగ్గా చివరికంటా చదువు.

నిన్ను మిథాలీతో పోల్చినవాళ్లు తిట్టామనుకున్నారు. నువ్వూ తిట్టే అనుకున్నావు. ఆమె రిటైరయ్యేనాటికి నీకు పన్నెండో పదమూడో. నువ్వు చూసింది ఆమె ఆఖరి రోజులే. నేను మొదట్నించీ పేపర్లలో వెతుక్కుని చదివినదాన్ని. ఆడవాళ్ల మ్యాచ్ గెలిచినా స్పోర్ట్స్ పేజీలో అడుగున నాలుగు లైన్లు వేసే రోజుల్లో, ఆ నాలుగు లైన్లే కత్తిరించి దాచుకున్నాను.

మిథాలీ పుట్టుకతో తెలుగుపిల్ల కాదు. తమిళుల కుటుంబం. పుట్టింది రాజస్థాన్‌లో, జోధ్‌పూర్‌లో, 1982 డిసెంబరు 3న. తండ్రి దొరైరాజ్ వైమానిక దళంలో పనిచేశాడు. తల్లి పేరు లీలారాజ్. ఆట మాత్రం మన సికింద్రాబాద్ మట్టిలో అబ్బిందే. చిన్నప్పుడు భరతనాట్యం నేర్చుకునేది. పొద్దున లేవడానికి మహా బద్ధకం. అది వదిలించడానికి, అన్న మిథున్ వెళ్లే క్రికెట్ క్యాంపుకి తండ్రి ఆమెనీ వెంటబెట్టుకెళ్లేవాడు. సెయింట్ జాన్స్ అకాడమీలో జ్యోతిప్రసాద్ అనే కోచ్ ఈ పిల్ల బంతి కొట్టడం చూసి, ఆడపిల్లలకి క్రికెట్ నేర్పే సంపత్ కుమార్ దగ్గరకి పంపించమన్నాడు.

ఆ సంపత్ కుమార్ గురించి నీకు చెప్పాలి. నేను ఇన్నేళ్లు పిల్లల్తో ఆటలాడించినదాన్ని కాబట్టి అలాంటి గురువు విలువ నాకు తెలుసు. గ్రౌండు లేనప్పుడు కీస్ హైస్కూలు వరండాలోనే ఆమెతో ప్రాక్టీసు చేయించేవాడు. వరండా ఇరుకు. ఆ ఇరుకులో బంతి నేల మీదే, తిన్నగా, అనుకున్న చోటికే పోవాలి. బ్యాటుకి బదులు సన్న కర్ర ఇచ్చేవాడు. బంతి సరిగ్గా మధ్యలో తగిలితేనే కదులుతుంది, లేకపోతే లేదు. ఈ పిల్ల ఇండియాకి ఆడుతుందని తల్లిదండ్రులకి ముందే చెప్పాడాయన. 1997లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. శిష్యురాలు ఇండియా టోపీ పెట్టుకోవడం చూసే రాత లేకపోయింది.

ఇది చదివినప్పుడల్లా నాకు నువ్వు గుర్తొస్తావు. నీకా సన్న కర్ర ఎవరూ ఇవ్వలేదు, మనూరే ఇచ్చింది. దాళ్వా కోతలయ్యాక మోళ్లు చదును చేసి, మీ అన్నయ్య బ్యాచీ ఆడుతుంటే నువ్వు ఎండు కొబ్బరిమట్ట చెక్కించుకుని వెళ్లేదానివి. పక్కనే రొయ్యల చెరువు. బంతి చెరువులో పడితే అవుట్ అని మగపిల్లల రూలు. తెచ్చేవాడుండడు, పైగా చెరువుగలాయన తిడతాడు. అటు కాలవ, ఇటు చెరువు. గాల్లోకి లేపితే ఆట అయిపోయినట్టే. అందుకని నీ బంతి నేల మీదే పోవడం నేర్చింది, ఫీల్డర్ల సందు వెతకడం నీ కళ్లు నేర్చాయి. అమలాపురంలో నీ మొదటి క్యాంపులో కోచ్ "ఈ పిల్లకి గ్యాప్ ఎక్కడుందో ఎవరు నేర్పారు" అని అడిగితే మీ నాన్నకి ఏం చెప్పాలో తెలియలేదు. ఆ చెరువు నేర్పిందమ్మా.

మిథాలీ పద్నాలుగేళ్లకే, 1997 వరల్డ్ కప్ ప్రాబబుల్స్‌లో ఉంది. ఆఖరి జట్టులో చోటివ్వలేదు. రెండేళ్లు ఆగింది. 1999 జూన్ 26న ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో ఐర్లండ్ మీద మొదటి వన్డే. 114 నాటౌట్. అవతల రేష్మా గాంధీ కూడా సెంచరీ. యాభై ఓవర్లూ ఇద్దరే ఆడారు, ఒక్క వికెట్టూ పడకుండా 258. అప్పటికి ఆమెకి పదహారేళ్లు, నీకన్నా చిన్నది.

2002 జనవరిలో లక్నోలో ఇంగ్లండ్ మీద మొదటి టెస్టు. సున్నాకి అవుట్. అదే సంవత్సరం ఆగస్టులో టాంటన్‌లో అదే ఇంగ్లండ్ మీద 214. ఆడవాళ్ల టెస్టుల్లో అప్పటికి అదే ప్రపంచ రికార్డు. ఆస్ట్రేలియా కెరెన్ రోల్టన్ పేరు మీదున్న 209ని దాటింది. 407 బంతులాడింది. పందొమ్మిదేళ్ల పిల్ల ఇంగ్లండ్ గడ్డ మీద నాలుగొందల ఏడు బంతులు ఆడడమంటే ఏమిటో నువ్వొకసారి క్రీజులో నిలబడి ఊహించుకో. ఇంగ్లండ్ మొదటి ఇన్నింగ్స్‌లో పెద్ద స్కోరే చేసింది. మనవాళ్లు చేతులెత్తేయకుండా దాన్ని దాటారంటే ఆ పిల్ల కదలకుండా నిలబడబట్టే. మ్యాచ్ డ్రా అయింది. ఆ రోజు దాన్ని ఎవరూ జిడ్డు అనలేదు.

అప్పటి జట్టు ఎలా ఉండేదో తెలుసుకోకుండా ఆమె బ్యాటింగ్ నీకు అర్థం కాదు. ఆడవాళ్ల క్రికెట్‌కి 1973లో పుట్టిన వేరే సంఘం ఉండేది. మగవాళ్ల బోర్డుకీ దానికీ సంబంధం లేదు, దాని దగ్గర డబ్బూ లేదు. రిజర్వేషన్ లేని పెట్టెల్లో కిట్‌బ్యాగులతో ప్రయాణాలు. డార్మెటరీల్లో పడక. 2005 వరల్డ్ కప్‌లో రన్నరప్ అయితే మ్యాచ్‌కి వెయ్యి రూపాయల లెక్కన ఇచ్చారని మిథాలీయే ఈమధ్య ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. రైల్వేస్ ఉద్యోగం లేకపోతే ఆమె ఆటా అక్కడితో ఆగిపోయేదేమో. బోర్డు వాళ్లు 2006లో ఆడవాళ్ల క్రికెట్‌ని తమ చేతిలోకి తీసుకున్నారు. ఏటా భరోసా ఉండే కాంట్రాక్టులు ఇవ్వడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది. మ్యాచ్ ఫీజు మగవాళ్లతో సమానం చేసింది 2022 అక్టోబరులో. అప్పటికి మిథాలీ రిటైరై నాలుగు నెలలు.

నేను పనిచేసిన ఒక బడిలో గ్రౌండు సాయంత్రం ఐదింటి తర్వాత మగపిల్లలకే అన్నారు. ఆడపిల్లలకి పొద్దున ప్రార్థనకి ముందు అరగంట. ఆ అరగంటలోనే ఖోఖో, వాలీబాల్, అన్నీ. క్రికెట్ బ్యాటు మా పిల్లల చేతికి ఇచ్చే మాటే లేదు. నువ్వు ఇవాళ స్పైకులు వేసుకుని పొద్దున్నా సాయంత్రం టర్ఫ్ మీద ఆడుతున్నావంటే నా గుండె నిండిపోతుంది. అందుకే నీ ఏడుపు నాకు రెండింతలు బాధయింది.

కెప్టెన్సీ సంగతికి వస్తాను. మిథాలీకన్నా ముందే సికింద్రాబాద్ నుంచి ఒక కెప్టెన్ ఉంది, పూర్ణిమా రావు. 1995లో న్యూజీలాండ్‌లో సెంటినరీ టోర్నీ మనవాళ్లు గెలిచింది ఆమె నాయకత్వంలోనే. ఆ పేరు ఇప్పటి పిల్లలకి తెలియదు, నువ్వన్నా గుర్తుపెట్టుకో. తర్వాత ఇండియా జట్టుకి కోచ్‌గా కూడా చేసింది.

మిథాలీ ఇరవై రెండేళ్లకి 2005 వరల్డ్ కప్‌కి కెప్టెన్. ఝులన్ గోస్వామి, అంజుమ్ చోప్రా, నీతూ డేవిడ్ లాంటి వాళ్లు జట్టులో ఉన్నారు. కొందరు ఆమెకన్నా ఎంతో సీనియర్లు. దక్షిణాఫ్రికాలో పోచెఫ్‌స్ట్రూమ్‌లో సెమీఫైనల్, న్యూజీలాండ్ మీద. మిథాలీ 91 నాటౌట్. మన ఆడవాళ్లు వరల్డ్ కప్ ఫైనల్ చేరడం అదే మొదలు. ఏప్రిల్ 10న సెంచూరియన్‌లో ఫైనల్. ఆస్ట్రేలియా 215 కొట్టింది. ఛేజింగ్‌లో మిథాలీ ఆరు పరుగులకే అవుట్. జట్టు మొత్తం 117కి కూలిపోయింది.

ఈ రెండు మ్యాచ్‌లూ పక్కపక్కన పెట్టుకుని చూడు అమ్ములూ. ఆమె నిలబడిన రోజు ఫైనల్ చేరారు. ఆమె వెళ్లిపోయిన రోజు మిగతాదంతా కలిపి నూటపదకొండే వచ్చాయి. కెప్టెన్‌కి ఇది కళ్లెదురుగా కనిపిస్తుంది. తన తర్వాత వచ్చేవాళ్లెవరో, వాళ్ల చేతిలో ఎన్ని షాట్లున్నాయో తెలిసిన బ్యాటర్ లేచిన ప్రతి బంతినీ బాదలేదు. జిడ్డు అన్నవాళ్లు ఆమె స్కోరు చూశారు. ఆమె వెనకున్న ఏడుగురినీ చూడలేదు.

ఆ మరుసటి ఏడాదే, 2006లో, ఇంగ్లండ్‌లో టెస్టు సిరీస్ గెలిపించింది. 2008లో కెప్టెన్సీ ఝులన్ చేతికి వెళ్లింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగు, ఇది నీతో మాట్లాడని ఆ అక్క గురించి కూడా. అప్పటికి మిథాలీ ఫైనల్ ఆడించిన కెప్టెన్, జట్టులో అందరికన్నా మంచి బ్యాటర్. కెప్టెన్సీ పోయాక ఝులన్ కింద ఆడింది, పరుగులు చేసింది. 2012లో కెప్టెన్సీ తిరిగొచ్చినప్పుడు ఝులన్ ఆమె కింద బౌలింగ్ చేసింది. ఇద్దరూ ఆఖరిదాకా కలిసే ఆడారు. నీ అక్క ముఖం మాడ్చుకుందంటే నేను తప్పుపట్టను. పోయినేడు తనది, ఈ యేడు నీది. పంతొమ్మిదేళ్ల పిల్లకి అది మింగుడుపడటం తేలిక కాదు. నువ్వు మాట్లాడటం మానకు. ఫీల్డింగ్ పెట్టేటప్పుడు ఆ అమ్మాయిని మిడాన్‌లోనో మిడాఫ్‌లోనో నీకు దగ్గరగా పెట్టుకో. బౌలరు మార్చే ముందు వెళ్లి అడుగు, "అక్కా, ఆఫ్‌స్పిన్ ఇప్పుడే తేవాలా, ఇంకో రెండోవర్లు ఆగాలా" అని. ఆమె చెప్పింది వినాలని లేదు. అడగడం మాత్రం అందరి ముందూ అడుగు.

2006 తర్వాత మన ఆడవాళ్లకి ఎనిమిదేళ్లు ఒక్క టెస్టు లేదు. 2014 ఆగస్టులో ఇంగ్లండ్‌లో వార్మ్స్‌లీ అనే చోట ఆడమన్నారు. పదకొండు మందిలో ఎనిమిది మందికి అదే మొదటి టెస్టు. నాలుగురోజుల ఆట వాసనే తెలియని పిల్లలు. ఎర్రబంతితో ఎలా ఆడాలో, లంచ్‌కి ముందు ఓవర్లు ఎలా గడపాలో నేర్పాల్సింది మిథాలీయే. ఇంగ్లండ్‌ని మొదటి ఇన్నింగ్స్‌లో 92కే పడేశారు. ఆఖరి ఇన్నింగ్స్‌లో 181 కొట్టాలి. స్మృతి మంధానకి అది మొదటి టెస్టు, 51 చేసింది. మిథాలీ 50 నాటౌట్‌గా ఉండి, గెలిచాకే పెవిలియన్‌కి వచ్చింది. ఆమె కెరీర్ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన గెలుపు ఇదే. రెండొందల పద్నాలుగు అందరికీ గుర్తుంటుంది. ఎనిమిది మంది కొత్తవాళ్లని వెంటబెట్టుకుని గెలిచిన ఆ యాభై గురించి ఎవరూ మాట్లాడరు.

2017 వరల్డ్ కప్ నీకు కాస్త గుర్తుండాలి. మీ ఇంట్లో టీవీ ముందు అందరం కూర్చున్నాం. మొదటి మ్యాచ్‌లో ప్యాడ్లు కట్టుకుని, తన వంతు వచ్చేదాకా పుస్తకం చదువుకుంటూ కూర్చున్న మిథాలీ ఫోటో దేశమంతా తిరిగింది. ఆ పుస్తకం రూమీ కవిత్వం. వెళ్లి 71 కొట్టింది. టోర్నీకి ముందు ఒకాయన మీకిష్టమైన మగ క్రికెటర్ ఎవరని అడిగితే, మగవాళ్లని ఇలాంటి ప్రశ్న అడుగుతారా అని ఎదురడిగింది. ఆస్ట్రేలియా మ్యాచ్‌లో షార్లెట్ ఎడ్వర్డ్స్ రికార్డు దాటి, వన్డేల్లో ఆరువేలు చేసిన మొదటి మహిళ అయింది. ఓడితే ఇంటికే అన్న రోజున న్యూజీలాండ్ మీద డెర్బీలో 109. వాళ్లు 79కే ఆలౌట్, రాజేశ్వరి గైక్వాడ్‌కి ఐదు వికెట్లు. సెమీఫైనల్లో హర్మన్‌ప్రీత్ ఆస్ట్రేలియాని 171తో ఉతికి ఆరేసింది.

జులై 23న లార్డ్స్‌లో ఇంగ్లండ్‌తో ఫైనల్. 229 కొట్టాలి. మిథాలీ 17 దగ్గర రనౌట్. అయినా పూనమ్ రౌత్, హర్మన్‌ప్రీత్ నిలబెట్టారు. 191కి మూడు వికెట్లే. ఇంక ముప్పై ఎనిమిది పరుగులు, చేతిలో ఏడు వికెట్లు. కట్ట తెగిన చెరువులా అంతా పోయింది. 28 పరుగుల్లో ఏడు వికెట్లు. వాళ్ల బౌలర్ ష్రబ్‌సోల్‌కి ఆరు. తొమ్మిది పరుగుల తేడాతో ఓటమి. మీ నాన్న రిమోట్ విసిరేసి చెరువు మీదకి పోయాడు. నేను మాత్రం టీవీలో మిథాలీ ముఖమే చూస్తూ కూర్చున్నాను. పద్దెనిమిదేళ్లుగా దేనికి భయపడి క్రీజు వదలకుండా ఆడుతూ వచ్చిందో, అదే ఆమె లేనప్పుడు, కళ్లముందే జరిగింది.

అంటే జిడ్డు ఆటే గొప్పదని చెప్పడం లేదు. ఇక్కడ జాగ్రత్తగా విను. 2018 నవంబరులో వెస్టిండీస్‌లో టీ20 వరల్డ్ కప్. హర్మన్‌ప్రీత్ కెప్టెన్. మిథాలీ పాకిస్తాన్ మీద, ఐర్లండ్ మీద ఓపెనర్‌గా వెళ్లి రెండు హాఫ్ సెంచరీలు చేసింది. ఐర్లండ్ మీద 51కి 56 బంతులు పట్టాయి. ఇంగ్లండ్ మీద సెమీఫైనల్లో ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టారు. జట్టు 112కే ఆలౌటై ఓడింది. ఆ తర్వాత కోచ్ రమేశ్ పొవార్‌కీ ఆమెకీ మధ్య గొడవ బోర్డు దాకా వెళ్లింది. రెండు వైపులా రాసిన ఉత్తరాలూ పేపర్లకెక్కాయి.

ఎవరిది తప్పని నన్నడిగితే, టీ20లో 56 బంతులకి 51 చేస్తే ఎవరైనా ప్రశ్నిస్తారు, ప్రశ్నించాలి కూడా. ఆట మారింది. ఆమె వెనకాల ఇప్పుడు బాదగలిగే పిల్లలు వచ్చారు, కాబట్టి ఒకప్పుడు ఆమె మోసిన బరువు అంత మోయక్కర్లేదు. ఇంగ్లండ్ స్పిన్నర్ల మీద ఆడగలిగిన ఒక్క పాతచేతిని బయట కూర్చోబెట్టడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. రెండూ నిజాలే. తర్వాత జరిగింది నాకింకా ముఖ్యం. 2021లో అదే పొవార్ మళ్లీ కోచ్‌గా వచ్చాడు, మిథాలీ అప్పుడు వన్డే కెప్టెన్. ఇద్దరూ పాతది పక్కనపెట్టి 2022 వరల్డ్ కప్ దాకా కలిసి పనిచేశారు. మూడేళ్ల కిందట దేశమంతా చదివేలా గొడవపడిన మనుషులు రోజూ ఒకే నెట్స్‌లో నిలబడాలంటే ఎంత గుండె ఉండాలో ఆలోచించు. నీ అక్క నాలుగు రోజులు మాట్లాడలేదని నువ్వు కెప్టెన్సీయే వద్దంటున్నావు.

2021 జులైలో వూస్టర్ మ్యాచ్ నీ ఫోన్లో దొరుకుతుంది, చూడు. ఇంగ్లండ్ మీద 220 కొట్టాలి. ముప్పై ఎనిమిదేళ్ల మిథాలీ, 86 బంతుల్లో 75 నాటౌట్. ఆఖరి ఓవర్లో గెలిపించింది. మొత్తం అంతర్జాతీయ పరుగుల్లో ప్రపంచ రికార్డు కూడా ఆ రోజే ఆమె పేరు మీదకొచ్చింది. బౌండరీలు కాదు, సింగిల్స్ చూడు. ఫీల్డరు ఎడమచేతి వాటమా, విసురు బలంగా ఉందా అని చూసుకుని పరిగెత్తింది.

2022 మార్చిలో న్యూజీలాండ్‌లో ఆమెకి ఆరో వరల్డ్ కప్. క్రైస్ట్‌చర్చ్‌లో దక్షిణాఫ్రికా మీద ఆమె ఆఖరి ఇన్నింగ్స్, 68. ఆఖరి ఓవర్లో క్యాచ్ పట్టామని మనవాళ్లు ఎగిరారు, అది నోబాల్. ఆఖరి బంతికి ఓడిపోయి ఇంటికొచ్చారు. జూన్ 8న రిటైరయింది. 232 వన్డేల్లో 7805 పరుగులు, సగటు యాభై పైన. 155 వన్డేలకి కెప్టెన్, 89 గెలుపులు. వరల్డ్ కప్పు మాత్రం లేదు.

నిరుడు నవంబరు 2న నవీ ముంబయిలో హర్మన్‌ప్రీత్ జట్టు పిల్లలు దక్షిణాఫ్రికాని 52 పరుగుల తేడాతో ఓడించి ఆ కప్పు గెలిచాక, దాన్ని తీసుకెళ్లి మిథాలీ, ఝులన్, అంజుమ్ చేతుల్లో పెట్టారు. ఆ జట్టులో మన కడప పిల్ల శ్రీచరణి ఉంది, ఎర్రమల్లె అనే పల్లెటూరు. టోర్నీలో పద్నాలుగు వికెట్లు తీసింది. అంతకు ముందే అక్టోబరులో విశాఖ స్టేడియంలో ఒక స్టాండుకి మిథాలీ పేరు, ఒక గేటుకి రావి కల్పన పేరు పెట్టారు. కల్పన విజయవాడ ఆటోడ్రైవర్ కూతురు, ఇండియాకి వికెట్ కీపింగ్ చేసింది. మనూళ్లో ఇంకా "మన అమలాపురం సాత్విక్ బ్యాడ్మింటన్‌లో పైకొచ్చాడు, మగపిల్లాడు కాబట్టి వెళ్లాడు" అనేవాళ్లున్నారు. ఈసారి విశాఖ వెళ్లినప్పుడు మీ నాన్నతో ఆ గేటు ముందు ఫోటో తీయించుకుని వాళ్లకి పంపు.

ఇక నువ్వు చేయాల్సింది. ఆ మగపిల్లల మాట విని వచ్చే మ్యాచ్‌లో మొదటి ఓవర్ నుంచే గాల్లోకి లేపకు. అలాగని మిథాలీని అడ్డం పెట్టుకుని మొత్తం నేల మీదే ఆడతానని కూర్చోకు. నిరుటి ఫైనల్లో షఫాలీ వర్మ 78 బంతుల్లో 87 కొట్టింది, జట్టు 298 చేసింది. ఇప్పటి లెక్కలు అలా ఉన్నాయి. ఎక్స్‌ట్రా కవర్ మీదుగా లేపడం నీకింకా రాదు. నీ చేతులు బంతికి దూరంగా పోతున్నాయి, కిందటి వీడియోలో చూశాను. ఈ వేసవిలో అది నేర్చుకుని తీరాలి. అక్కడ చెరువు లేదు, బంతి పోతే తెచ్చేవాళ్లున్నారు. ఎప్పుడు లేపాలి, ఎప్పుడు నిలబడాలి అనేది మాత్రం పక్క నెట్స్‌ని అడక్కు, నీ జట్టు చెబుతుంది. నీ తర్వాత బాదేవాళ్లు ముగ్గురుంటే నువ్వు ఇరవై తక్కువ చేసినా వేగంగా చెయ్. ఎవరూ లేకపోతే ఎన్ని మాటలన్నా క్రీజులో ఉండు. ఆ లెక్క నీకు తెలియాలంటే ఒక్కొక్కరి ఆటా నీకు కంఠస్థం రావాలి. ఎవరికి స్వీప్ వచ్చు, ఎవరు కొత్తబంతికి వెనక్కి జరుగుతారు, ఎవరికి ఇంటి నుంచి ఫోనొస్తే ఆరోజు ఆట పాడవుతుంది, అన్నీ. కెప్టెన్సీ వద్దని చెప్పే మాట ఆ పని అయ్యాక కూడా నీ నోటికొస్తే, అప్పుడు మీ నాన్నతో నేను మాట్లాడతాను. అంతవరకూ ఆ మాట ఎత్తకు.

శనివారం బస్సులో మీ అమ్మ కొబ్బరి లౌజు పంపిస్తోంది. డబ్బా నీ మంచం కింద దాచుకోకుండా అందరికీ పెట్టు, ముందు ఆ అక్కకి పెట్టు. జవాబులో నీ పదకొండు మంది పేర్లూ, ఒక్కొక్కరి పక్కనా వాళ్లేం ఆడగలరో రాసి పంపు. ఏడో నంబర్లో దిగేది ఎవరో ఆ పేరు అన్నిటికన్నా ముందు రాయి.

ఇట్లు,
మీ అత్తయ్య